ఉపవాసాల్లో తిన్న పొట్టేలు

పోలిక్రోనిస్ మా కొండమీది గుడిసె దగ్గరికి ఎక్కి వచ్చేసరికి నాన్నా నేనూ పాలు పితుకుతున్నాం. ఆయన దొడ్డి గోడ మీద కూర్చుని చివరి గొర్రె దాటేదాకా నోరు విప్పలేదు. పాలు పితికేటప్పుడు పలకరించకూడదు. అది మర్యాద.

పాలకుండలు నీడకి చేర్చాక నాన్న చేతులు కడుక్కున్నాడు.

"మంద చల్లగా ఉందా, వర్దీ?" అన్నాడు పోలిక్రోనిస్.

"ఉంది. నీది?"

"నాది ఒకటి తక్కువగా ఉంది. నీకు తెలిసిందేగా."

జర్మన్లు మా దీవి వదిలిపోయిన పన్నెండో ఏడు అది. నాకు పంతొమ్మిదేళ్లు. మా సిలోరీతి కొండ చుట్టూ ఏడూళ్లలో ఎక్కడ గొర్రె పోయినా, పోగొట్టుకున్నవాడు ముందు మా నాన్న దగ్గరికి వచ్చేవాడు. పోలీసుల దగ్గరికి పోయేవాణ్ణి మగవాడిగా లెక్కపెట్టేవాళ్లు కాదు. నాన్న వెళ్లి ఈ ఇంట ఓ కాఫీ, ఆ ఇంట ఓ కాఫీ తాగి, ఎవరినీ దొంగా అనకుండా గొర్రెని గొర్రె దగ్గరికి, మనిషిని మనిషి దగ్గరికి చేర్చేవాడు. ఆయనకి పొలం లేదు. ఉన్నదంతా ఆ మాటకున్న విలువే.

పోలిక్రోనిస్ పొట్టేలు పోయింది ఈస్టర్ ముందు, ఉపవాసాల్లో. మందకి ముందు నడిచే ముసలి పొట్టేలు. మెడలో పెద్ద గంట. ఆ గంట మోత వింటే అది ఎవరి మందో చెప్పేవాళ్లు జనం. మూణ్ణెల్లుగా నాన్నే దాని ఆచూకీ తీస్తున్నాడు. అది పోయిన తెల్లవారుజామున మంచు పట్టి ఉంది, పోలిక్రోనిస్ కుక్కలు మాత్రం మొరగలేదు. ఆయన కుక్కలు మొరగని మనుషులు పక్కపక్క మేతల మూడిళ్లవాళ్లే. ఇది పసిగట్టిందీ నాన్నే. రెండిళ్లవాళ్లని ఊరి పైనున్న గుహ గుడిలో, గుర్రమెక్కిన పుణ్యపురుషుడు ఆయ్ యోర్గీ పటం ముందు నిలబెట్టి ప్రమాణం చేయించిందీ ఆయనే.

"ఇక వదిలేద్దాం వర్దీ. ముసలిది. ఏ లోయలోనో పడి ఉంటుంది," అన్నాడు పోలిక్రోనిస్.

"మూడో ఇల్లు ఉంది కదా."

"మూడో ఇల్లు నీది."

"అందుకే."

"నిన్ను నేను ప్రమాణం అడుగుతానటయ్యా?"

"నువ్వు అడక్కపోతే నేను అడుగుతా. ఇద్దరి చేత పటం మీద చెయ్యి పెట్టించి, నా వంతు వచ్చేసరికి దులుపుకుని పోతే, రేపు నన్నెవరు పిలుస్తారు? ఆదివారం గుడి అయ్యాక. ఇంటిల్లిపాదీ వస్తాం."

పోలిక్రోనిస్ ఓ గ్లాసు రాకీ సారా తాగి వెళ్లిపోయాడు. నాన్న ఆయన వెనకే కాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

"నా చెయ్యొక్కటే కాదు, నా ఇంటి చేతులన్నిటి మీదా ప్రమాణం. నీకేమన్నా తెలుసా?"

"నాకేం తెలుసు?" అన్నాను.

నాన్న మళ్లీ అడగలేదు. ఆయన ఎవర్నీ ఏదీ రెండోసారి అడిగేవాడు కాదు.

ఆ పొట్టేల్ని తిన్నది నేను. నేనూ మా చిన్నాన్న కొడుకు మరీనోస్. వాడు సైన్యంలోకి పోయే ముందు వారం. ఒక్క గొర్రెనన్నా ఎత్తుకురాకుండా తుపాకీ పట్టుకోవటానికి పోతావా అని తోటివాళ్లు వాణ్ణి ఏడిపించారు. మాకు కావలసింది లేత గొర్రె. మంచులో చేతికి దొరికింది ఆ ముసలిది. గంట తడిమి గానీ ఎవరిదో తెలియలేదు. తెలిశాక వదలటానికి సిగ్గేసింది. గంటలో గడ్డి కుక్కి, దాన్ని భుజాన వేసుకున్నాం.

వండుకోవటానికి చోటు లేదు. ఉపవాసాలు. ఊళ్లో ఎవరింట్లోనూ నూనె కూడా కాగటం లేదు. కొండమీద మాంసం వాసన వస్తే గాలివాటం పట్టుకుని వచ్చి పట్టుకుంటారు. అందుకని గుహలోకి పోయాం. గుహ లోపలి గదిలో పొగ పైకి పోయి రాళ్ల సందుల్లో ఇంకిపోతుంది. ఎముకలు మరీనోసే పాతిపెట్టాడు. "ఇక్కడ ఎక్కడ గీకినా పొట్టేలు ఎముకలే వస్తాయి. మన నాలుగూ వాటిలో కలిసిపోతాయి. దేవుడు కూడా పోల్చుకోలేడు," అన్నాడు.

వాడన్నది నిజమే. ఆ గుహ మట్టి నల్లగా ఉండేది, నిండా బూడిదా ఎముకలూ. పాతకాలంవాళ్లు అక్కడ ఏవో చేశారని మాకు తెలుసు. అయితే ఆ ఎండాకాలం ఆ ఎముకలన్నీ లెక్కపెట్టడానికి ఒక మనిషి వస్తుందని మాకు తెలియదు.

*

ఆమె పేరు ఆంథీ. ఇరాక్లియో పట్నం మ్యూజియం నించి వచ్చింది. ప్యాంటు తొడుక్కుని, నోట్లో సిగరెట్ పెట్టుకుని, రోజంతా నేల మీద మోకాళ్ల మీదే ఉండేది. కూలికి ఆరుగురం కుదిరాం. పొద్దున పాలు పితికి నేను గుహకి దిగేవాణ్ణి.

గుహ నోట్లో ఒకే గది ఉన్న ఆయ్ యోర్గీ గుడి. దాని వెనక పెద్ద గది. అక్కడే తవ్వకం మొదలుపెట్టింది. మట్టిని చెంచాలతో తీయాలి, జల్లెడ పట్టాలి. వేలెడంత మట్టి పొట్టేళ్లు దొరికేవి. పైనించి దిగిన రాతి ఊడల సందుల్లో ఆకంత పల్చటి కంచు గొడ్డళ్లు దోపి ఉండేవి. వాటితో కట్టె కాదు గదా, ఉల్లిపాయ కూడా తెగదు. దేవుడికి మొక్కుకుని దోపినవి అంది ఆంథీ అమ్మగారు.

"ఏ దేవుడికి?" అన్నాడు అస్ట్రినోస్ తాత. కూలీలందరిలో పెద్దవాడు. తవ్వేదానికంటే మాట్లాడేది ఎక్కువ.

"పేరు తెలీదు తాతా. పైకెక్కి వచ్చేవాళ్లు, పొట్టేల్ని కోసేవాళ్లు, తినేవాళ్లు, ఎముకలు ఇక్కడే వదిలి దిగిపోయేవాళ్లు."

"ఆయ్ యోర్గీకే అయ్యుంటుంది."

"అప్పటికి ఆయన పుట్టలేదు."

"ఆయన పుట్టకపోతేనేం, గుహ ఉందిగా. గుహ ఉన్నాక ఎవరో ఒకరు వస్తారు."

ఆమె నవ్వి, అది కూడా పుస్తకంలో రాసుకుంది. మా కొండ మీదే ఉన్న నీదా మైదానం పై గుహలో కూడా తాను తవ్వానని చెప్పింది. దేవతల రాజుని పసివాడిగా ఉన్నప్పుడు అందులో దాచి మేకపాలు పట్టారట. ఏడుపు బయటికి వినపడకుండా చుట్టూ మగవాళ్లు డాళ్లు మోగించేవాళ్లట.

"ఆ డాలు ఒకటి మా ఇంటికి తెప్పించమ్మా," అన్నాడు అస్ట్రినోస్ తాత. "పసివాడికి కాదు. మా కోడలికి."

సముద్రం పక్కన ఇంకో గుహ ఉంది. అందులో కడుపుతో ఉన్న ఆడమనిషిలా ఒక రాయి. నన్ను కనే ముందు మా అమ్మ గాడిదెక్కి రోజంతా ప్రయాణం చేసి వెళ్లి, ఆ రాతికి పొట్ట ఆనించి వచ్చింది. ఆ మాట చెబితే ఆంథీ అమ్మగారు నా వైపు తిరిగి, "నువ్వు మాట్లాడతావన్నమాట," అంది. మూడు వారాల్లో నేను ఆమెతో అన్న మొదటి మాట అదే.

పోలిక్రోనిస్ మా గుడిసెకి వచ్చి వెళ్లింది మంగళవారం. గురువారం పొద్దున ఆమె, "ఇవాళ లోపలి గదిలోకి వెళ్దాం," అంది.

"లోపల గాలి మంచిది కాదమ్మగారూ. రాళ్లు పడతాయి," అన్నాను.

"నీకెలా తెలుసు?"

"చెబుతారు."

ఆమె లాంతరు పట్టుకుని ముందు నడిచింది. నేను వెనక. తాతని జల్లెడ దగ్గరే ఉంచేసింది. మధ్యాహ్నం కాకముందే ఆమె బ్రష్షు ఆగింది. ఒక ఎముక తీసి లాంతరు దగ్గర తిప్పి తిప్పి చూసింది.

"మనూసో, ఇది ఎన్నాళ్లదంటావ్?"

"పాతదే."

"ఎంత పాతది?"

"చాలా."

ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత గుంట అంచు చూపించింది. "చుట్టూ మట్టి పొరలు పొరలుగా ఉంది. ఇక్కడ మాత్రం కలిసిపోయింది. ఎవరో తవ్వి మళ్లీ పూడ్చారు." మళ్లీ వంగింది. ఈసారి చేతికి గంట వచ్చింది. లోపలి గడ్డి ఎండింది గానీ కుళ్లలేదు.

"గంటలో గడ్డి ఎందుకు కుక్కుతారు?"

"మోగకుండా."

ఇంకేమీ అడగలేదు. పుస్తకం తెరిచింది. "బయటపడింది ఏదైనా రాయాలి. అది నా పని," అంటూ రాసి, నా వైపు తిప్పింది. నేను చదివింది మూడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. ఒక ముసలి పొట్టేలు. ఈ సంవత్సరానిది. కోసి, బాగా ఉప్పు వేసి ఉడికించారు.

"ఉప్పు సంగతి మీకెలా తెలిసింది?" నోరు జారింది.

"తెలీదు," అంది ఆంథీ అమ్మగారు. ఆ వాక్యంలో ఉప్పు మాట కొట్టేసింది.

ఆమె పుస్తకం మూసింది. "ఆదివారం ప్రమాణం చేసేది మీ నాన్నగారేగా?"

"ఔను."

"ఆయనకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

ఎముకల్ని ఆమె విడిగా ఒక సంచిలో వేసింది. గంట మాత్రం నా చేతిలో పెట్టింది. "ఇది నా పెట్టెల్లోకి రాదు. ఇంకా రెండు రోజులుంది, అబ్బాయ్."

ఆ రెండు రోజుల్లో ఒక్కసారి ప్రయత్నం చేశాను. శనివారం సాయంత్రం ఊళ్లో ఇంటి దగ్గర. నాన్న గుమ్మంలో అద్దం పెట్టుకుని గడ్డం సరిచేసుకుంటున్నాడు. అమ్మ ఆయన తెల్ల చొక్కా ఉతికి ఆరేసింది. ప్రమాణం కోసం ఆయన పొద్దుట్నించి పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టలేదు.

"నాన్నా," అన్నాను.

"ఏంటి?"

అద్దంలో ఆయన కళ్లు నా వైపు ఉన్నాయి.

"బూట్లకి కొవ్వు రాయమంటావా?"

"రాయి," అన్నాడు.

రెండు బూట్లకీ రాశాను. ఇంకా చెప్పనందుకు మళ్లీ ఒక పూత రాశాను.

*

ఆదివారం గుడి అయ్యాక గుహ నోటి దగ్గర ఇరవై ముప్ఫై మంది నిలబడ్డారు. అంతకుముందు ప్రమాణం చేసిన రెండిళ్లవాళ్లూ వచ్చారు. తవ్వకం ఆ రోజు లేదు. ఆంథీ అమ్మగారు పక్కకి ఒక బండ మీద కూర్చుని ఉంది.

లోపలికి వెళ్లింది మేం నలుగురం, పాదిరి, పోలిక్రోనిస్. నలుగురంటే నాన్న, అమ్మ, నేను, మా చెల్లెలు. పాదిరి కొవ్వొత్తి వెలిగించి, ఆయ్ యోర్గీ పటాన్ని గోడ మీంచి దించి పీట మీద పెట్టాడు. గుర్రం కాళ్ల దగ్గర రంగు అరిగిపోయి చెక్క కనిపిస్తోంది. ఎన్ని చేతులు ఆనితే అలా అరగాలి.

నాన్న తలకి చుట్టుకున్న నల్ల రుమాలు తీసి అమ్మకిచ్చాడు. కుడిచెయ్యి చాచాడు. ఆ చెయ్యి పటానికి జానెడు దూరంలో ఉండగా ఒకసారి వెనక్కి తిరిగి మా ముగ్గురి ముఖాలూ చూశాడు. ఎవరి మీద ప్రమాణం చేస్తున్నామో వాళ్లని చూసుకోవటం కూడా పద్ధతే.

అమ్మ ఆయన వైపు చూసింది. చెల్లెలు చూసింది. నేను బూట్ల వైపు చూశాను.

కొవ్వొత్తి చిటపటమంది. నాన్న చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత ఆయన ఆ చేత్తో అమ్మ దగ్గర్నించి రుమాలు తీసుకుని, నిమ్మళంగా తలకి చుట్టుకున్నాడు.

"పోలిక్రోనీ, నీ పొట్టేల్ని నేను తిన్నాను," అన్నాడు.

పాదిరి శిలువ గీసుకున్నాడు. అమ్మ కదల్లేదు.

పోలిక్రోనిస్ నాన్న ముఖం వంకే చూస్తున్నాడు. "నువ్వా?"

"నేనే."

"మాంసం ఎలా ఉంది?"

"గట్టిగా ఉంది."

"మరి ఇన్నాళ్లూ నాతో కలిసి వెతికావెందుకు?"

"దొంగ అన్నాక వెతకడా?" అన్నాడు నాన్న.

బయటికి వచ్చి అదే మాట అందరి ముందూ అన్నాడు. ఎవరూ అరవలేదు. రెండిళ్లవాళ్లలో పెద్దవాడు నేల మీద ఉమ్మేసి, "మా ఆడవాళ్లని కూడా ఈ పటం ముందు నిలబెట్టావు గదరా వర్దీ," అన్నాడు. అంతే. అందరూ దిగిపోయారు. బండ మీద ఆంథీ అమ్మగారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నా వైపు చూసింది. నేను గాడిదని విప్పటానికి పోయాను.

ఆ సాయంత్రం నాన్న మందలోంచి రెండు మంచి పొట్టేళ్లని ఏరి, పోలిక్రోనిస్ దొడ్డికి తోలించాడు. నన్ను తోలమన్లేదు. చెల్లెల్ని పంపాడు.

*

తర్వాతి ఆరు వారాలూ మా గుడిసెకి ఎవరూ ఎక్కి రాలేదు.

అంతకుముందు రెండు మూడు రోజులకొకసారన్నా ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. తన గొర్రెల చెవికోత గుర్తు ఇంకొకడి దానితో కలిసిందని ఒకడు, మేత దాటిందని ఒకడు. వాళ్ల కోసం నాన్న ఒక సీసా రాకీ గూట్లో విడిగా ఉంచేవాడు. ఇప్పుడు ఆ సీసా అలాగే ఉంది. మా పక్క లోయలోనే రెండు ఊళ్ల మధ్య పద్దెనిమిది గొర్రెల తగాదా వచ్చింది. కత్తులదాకా పోయిందని విన్నాం. నాన్నకి కబురు రాలేదు. ఆ రోజు ఆయన దొడ్డి గోడ పడిపోకపోయినా విప్పి మళ్లీ కట్టాడు. రాళ్లన్నీ అవే.

ఊళ్లోకి దిగటం మానేశాడు. నాతో గొర్రెల గురించి మాట్లాడేవాడు, జున్ను గురించి మాట్లాడేవాడు. "ఆ కుంటిదాన్ని చూడు." "ఉప్పు చాలు." ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. తిడితే బాగుండునని నాకుండేది. కొడితే ఇంకా బాగుండేది.

వారానికోసారి రొట్టెల కోసం నేనే దిగేవాణ్ణి. అమ్మ ఎండు రొట్టెలు మూట కట్టి ఇచ్చేది. మూడో వారం మూట ముడివేస్తూ అంది, "ముప్ఫై ఏళ్లుగా ఆయనకి వండి పెడుతున్నాను. ఉపవాసాల్లో ఆయన ఏం తిన్నాడో నాకు తెలీదనుకున్నావా?"

నేను మూటకి చెయ్యి చాచాను.

"ఇదిగో. ఇది మీ నాన్నకి. నీకు కావలసింది ఏమన్నా ఉంటే ఆయన్నే అడుగు."

ఆగస్టులో మేరీమాత పండగ అయిన మర్నాడు తవ్వకం ముగిసింది. పదకొండు పెట్టెలు కంచర గాడిదల మీదికెక్కించాం. ఆంథీ అమ్మగారు అందరికీ చెయ్యి కలిపింది. నా దగ్గరికొచ్చి సిగరెట్ ఇచ్చింది.

"అప్పటివాళ్లలో కూడా దొంగ పొట్టేళ్లు తిన్నవాళ్లు ఉండే ఉంటారు, మనూసో. పైకెక్కి వచ్చింది అందుకేనేమో కొందరు."

"వచ్చి ఏం చేసేవాళ్లు?"

"అదే ఎముకల్లో కనపడదు," అంది. కంచర గాడిదల వెంట దిగిపోయింది. మళ్లీ ఆమెని చూడలేదు.

ఆ రోజు నేను నేరుగా పైకి పోలేదు. నడుం గుడ్డలో గంట అలాగే ఉంది. పోలిక్రోనిస్ దొడ్డి వైపు నడిచాను. ఆయన కుక్కలు తోకలు ఊపుకుంటూ ఎదురొచ్చాయి. నాకు వాటి మీదే కోపం వచ్చింది.

ఆయన ఓక్ చెట్టు కింద కత్తెరకి పదును పెడుతున్నాడు. నేను గంట తీసి ఆయన ముందు పెట్టాను.

"బాబాయ్, దాన్ని తిన్నది నేను."

ఆయన గంటలోంచి గడ్డి లాగేశాడు. ఒకసారి ఆడించి, చెవి ఒగ్గి విన్నాడు.

"మోత బాగానే ఉంది," అన్నాడు. "నువ్వేనని నాకు తెలుసురా."

"ఎప్పట్నించి?"

"మీ నాన్న తిన్నానన్నప్పట్నించి. జర్మన్లు ఆయన్ని పట్టుకుపోయి కొట్టిన ఏడు ఆయన నోట్లో పళ్లు ఎన్ని మిగిలాయో తెలుసా? నాలుగు. అందులో రెండు ఒకదానికొకటి ఆనవు. నా పొట్టేలుకి తొమ్మిదేళ్లు. మీ నాన్న దాన్ని నమిలి ఉంటే అది పొట్టేలు కాదు, అద్భుతం."

"మరి అక్కడే ఎందుకు అనలేదు?"

"ఏమనాలి? వర్దీ, నువ్వు అబద్ధం ఆడుతున్నావనా? ఆయ్ యోర్గీ ముందు? ఆయన పటం మీద చెయ్యి పెట్టలేదు, చూశావుగా. నిన్ను వెనకేసుకున్నాడు. దేవుణ్ణి మోసం చెయ్యలేదు. అంత జాగ్రత్తగా నడిచిన మనిషి కాలికి నేను అడ్డం పడాలా?"

రాతి మీద కత్తెర రెండుసార్లు లాగాడు.

"రెండు పొట్టేళ్లు తీసుకున్నాను. నాకు నువ్వేం బాకీ లేవు. నాకు చెప్పి లాభం లేదు, వెళ్లు. ఆ రోజు గుహ దగ్గర విన్నవాళ్లకి చెప్పు."

"నాకు మాట్లాడటం రాదు బాబాయ్."

"తినటం వచ్చిందిగా," అన్నాడు.

*

ఆ ఆదివారం గుడి అయ్యాక కాఫీ దుకాణంలోకి వెళ్లాను. అప్పటిదాకా ఒంటరిగా ఎప్పుడూ లోపలికి పోలేదు. గోడవారన పెద్దవాళ్లంతా ఉన్నారు. గడప లోపల నిలబడ్డాను. ఎవరూ పట్టించుకోలేదు. పేకముక్కలు పడుతూనే ఉన్నాయి.

"పోలిక్రోనిస్ పొట్టేల్ని తిన్నది మా నాన్న కాదు. నేను. గుహలో. ఆయనకి తెలియదు," అన్నాను.

పేకముక్కలు ఆగిపోయాయి.

రెండిళ్లవాళ్లలో పెద్దవాడు లేచాడు. కొడతాడనుకున్నాను. "ఆరు వారాలు, ఒరేయ్. ఆరు వారాలు ఆ మనిషి ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. ఇప్పుడు నేను ఆ మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు. మళ్లీ కూర్చున్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"గుహలో ఎక్కడ పాతావురా?" మూలనించి అస్ట్రినోస్ తాత.

"లోపలి గదిలో."

"అయ్యో. నన్ను జల్లెడ దగ్గర కూర్చోబెట్టారుగానీ, ఆ ఎముక నా చేతిలో పడి ఉంటే మూడు వేల ఏళ్లదని చెప్పి మ్యూజియానికి పంపించేవాణ్ణిగా. అద్దాల పెట్టెలో పెట్టేవాళ్లు. పోలిక్రోనిస్ టికెట్ కొనుక్కుని పోయి చూసుకునేవాడు."

ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ. నాకు మాత్రం ఎవరూ కాఫీ చెప్పలేదు. చెప్పకూడదు కూడా. తిరిగి బయటికి నడిచాను.

పైకి చేరేసరికి నాన్న జున్నుని అచ్చులోకి నొక్కుతున్నాడు. నేను అవతలి వైపు కూర్చుని ఇంకో అచ్చు తీసుకున్నాను.

"ఆలస్యమైంది," అన్నాడు.

"చెప్పాను."

"ఎవరికి?"

"అందరికీ."

ఆయన చేతులు ఆగలేదు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారుతున్నాయి. ఆ అచ్చు అయింది. బరువుకి రాయి పెట్టాడు. ఇంకోటి అందుకున్నాడు.

"ఎంతసేపు ఉడకబెట్టారు?"

"నాలుగు గంటలు."

"ముసలిదానికి ఆరు పెట్టాలి," అన్నాడు నాన్న.

ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. ఆయన బతికినంతకాలం.

పది రోజులు ఏమీ జరగలేదు. పదకొండో రోజు పొద్దున, పాలు పొయ్యి మీద పెట్టిన వేళకి, కింద దారిలో ఇద్దరు మనుషులు కనిపించారు. ఆ పద్దెనిమిది గొర్రెల తగాదా పడ్డ రెండు ఊళ్లవాళ్లు, ఊరికొకడు. ఒకడు దారికి ఈ అంచున, ఒకడు ఆ అంచున నడుస్తున్నారు. వాళ్ల వెనక, టోపీ చేతిలో పట్టుకుని, రెండిళ్లవాళ్లలో ఆ పెద్దవాడు.

నాన్న వాళ్లు వచ్చేదాకా దొడ్డి దగ్గరే నిలబడ్డాడు. ముగ్గురూ కూర్చున్నారు. గూట్లోంచి సీసా ఆయనే తీశాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. కాసేపటికి ఆయన లోపలికొచ్చి, ఉతికిన చొక్కా తొడుక్కుని, కర్ర అందుకున్నాడు.

"పాలు నువ్వు చూసుకో," అన్నాడు.

నలుగురూ దిగిపోయారు. నాన్న మధ్యలో, తగాదావాళ్లిద్దరూ చెరో వైపూ, పెద్దవాడు వెనక. మొదటి మలుపు దాకా కనిపించారు. తర్వాత గుహ పక్కన దారి మళ్లీ బయటపడుతుంది కదా, అక్కడ మళ్లీ కనిపిస్తారని చూస్తూ నిలబడ్డాను. కనిపించారు. నాన్న చెయ్యి ఎత్తి ఏదో చెబుతున్నాడు. ముగ్గురూ వింటున్నారు. అక్కణ్ణించి ఓక్ చెట్ల కిందికి వెళ్లిపోయారు.

వాసన వచ్చాక గుర్తొచ్చింది. పరుగెత్తాను గానీ పాలు అప్పటికే అడుగంటాయి.

పారబొయ్యలేదు. ఆ పాలతోనే జున్ను తీశాను. మొత్తం ఆరు అచ్చులు. వాటన్నిటికీ మాడు వాసన. ఆ చలికాలం అంతా మా ఇంట్లో అదే తిన్నాం. అమ్మ ప్రతిసారీ ఒక ముక్క కోసి, వాసన చూసి, నాన్న కంచంలో పెట్టేది. ఆయన నాన్చుకుని నాన్చుకుని తినేవాడు. బాగాలేదని ఒక్కరూ అనలేదు.